విమానానికీ ఉంది ఎర్ర ట్యాగు

రెండేళ్లకోసారి ఊరికి పోయే మనకు సెలవులో ఒక్క రోజు తగ్గినా మనసు విలవిల్లాడుతుంది. అందుకే విమానం లేటనగానే కౌంటరు దగ్గర గొడవకు దిగుతాం. కానీ అన్ని ఆలస్యాలూ ఒక్కటి కావు. కొన్ని మన ప్రాణం కోసమే.

సైటుల్లో పనిచేసే మాకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. స్కఫోల్డింగుకు ఎర్ర ట్యాగు ఉంటే ఫోర్‌మన్ అరిచినా, ఇంజనీరు తొందరపెట్టినా ఎవరూ ఎక్కకూడదు. సరిచేసి, తనిఖీ అయ్యి, పచ్చ ట్యాగు పడ్డాకే పని. విమానాలకూ అలాంటిదే ఉంది. పేరు ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్. ఒక రకం విమానంలో ప్రమాదకరమైన లోపం బయటపడితే బోయింగ్‌కైతే అమెరికాలోని ఎఫ్‌ఏఏ, ఎయిర్‌బస్‌కైతే యూరప్‌లోని ఈఏఎస్‌ఏ దీన్ని జారీ చేస్తాయి. మన దేశంలో డీజీసీఏ అమలు చేయిస్తుంది. ఇది సలహా కాదు, చట్టం. గడువులోగా ఆ పని చేయని విమానం ఎగరడానికి వీల్లేదు.

2025 అక్టోబర్ 30న మెక్సికోలోని కాంకున్ నుంచి అమెరికా వెళ్తున్న జెట్‌బ్లూ ఎ320 విమానం పైలట్ల ప్రమేయం లేకుండానే ఒక్కసారిగా కిందికి వంగింది. కొందరు గాయపడ్డారు. తీవ్రమైన సౌర వికిరణం వల్ల విమానాన్ని అదుపు చేసే కంప్యూటర్‌లో సమాచారం చెడిపోవచ్చని ఎయిర్‌బస్ చెప్పింది. నవంబర్ 28న అత్యవసర ఆదేశం వచ్చింది. ప్రపంచమంతా సుమారు 6,000 విమానాలపై దాని ప్రభావం పడింది. చాలావాటికి పాత సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కిస్తే సరిపోయింది, కొన్ని గంటల పని. హైదరాబాదు నుంచి గల్ఫ్‌కు మనల్ని తీసుకొచ్చే ఇండిగో, ఎయిర్ అరేబియా ఎక్కువగా నడిపేవి ఈ కుటుంబం విమానాలే.

అయితే కాగితం మీద ఆదేశం ఉంటే చాలదు. 2018 అక్టోబర్ 29న ఇండోనేషియాలో లయన్ ఎయిర్ 737 మ్యాక్స్ కూలి 189 మంది చనిపోయారు. నవంబర్ 7న ఎఫ్‌ఏఏ ఆదేశమిచ్చింది. అది పైలట్లు ఏం చేయాలో చెప్పిందే తప్ప, ముక్కును కిందికి నెట్టే సాఫ్ట్‌వేర్‌ను మార్చమనలేదు. 2019 మార్చి 10న ఇథియోపియాలో అదే రకం విమానం కూలి 157 మంది పోయారు. మృతుల్లో మన దేశస్థులూ ఉన్నారు. ఆ తర్వాతగానీ ప్రపంచమంతా ఆ విమానాలను ఆపలేదు. గుంత దగ్గర బోర్డు పెట్టడం వేరు, గుంత పూడ్చడం వేరు.

కాబట్టి సోదరులారా, డ్యూటీలో చేరే రోజుకు కనీసం రెండు రోజుల ముందు చేరేలా టికెట్ తీసుకోండి. లేటయితే తిండి, బస సంగతి గట్టిగా అడగండి, కంపెనీకి చూపడానికి రాతపూర్వకంగా కాగితం తీసుకోండి. అంతేగానీ రిపేరు పూర్తికాకముందే విమానం కదలాలని మాత్రం పట్టుబట్టకండి. ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లకు ఒకరోజు ఆలస్యంగానైనా మనం చేరడమే కావాలి.