మోత మోగిస్తూ చెవి ఒగ్గిన విమానం

యానాం నుంచి కాకినాడ మీదుగా విశాఖ చూడబోయిన వాళ్లు ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ ఎక్కి దిగి, రోడ్డు దాటి ఎదురుగా మ్యూజియంగా మారిన విమానం దగ్గరకు వెళతారు. ఆ టీయూ-142ఎం విమానం పని, కుర్సురా లాంటివి సముద్రం అడుగున ఎక్కడ నక్కాయో పసిగట్టడం. వేటనూ వేటగాణ్ణీ ఎదురెదురుగా నిలబెట్టిన వాళ్లెవరో గానీ గడుసువాళ్లే. పైగా రెండూ సోవియట్ గడ్డ మీద పుట్టినవే.

మన నౌకాదళం ఇలాంటివి ఎనిమిది కొన్నది. 1988లో గోవాలోని దబోలిం చేరాయి. ఆ నవంబరులోనే మాల్దీవుల్లో తిరుగుబాటును అణచిన ఆపరేషన్ కాక్టస్‌లో పాలుపంచుకున్నాయి. బందీలతో పారిపోతున్న తిరుగుబాటుదారుల ఓడను అడ్డగించిన యుద్ధనౌకల్లో ఒకదాని పేరు గోదావరి. 1992లో విమానాల మకాం తమిళనాడులోని అరక్కోణానికి మారింది.

రెక్కల దగ్గర నిలబడి ఇంజన్ల వైపు చూడండి. ఒక్కో ఇంజన్‌కు ఒకదాని వెనక ఒకటిగా రెండు ప్రొపెల్లర్లు. ఒకటి కుడికి తిరిగితే రెండోది ఎడమకు. ముందుది సుడి తిప్పి వదిలిన గాలిని వెనకది చక్కబెట్టి, వృథాగా పోయే శక్తిని కూడా తోపుగా మారుస్తుంది. ఒక్కో ఇంజన్‌ది సుమారు 15,000 అశ్వశక్తి, అలాంటివి నాలుగు. అందుకే ప్రొపెల్లర్ విమానమైనా గంటకు 900 కిలోమీటర్లు దాటేది. యానాం నుంచి పారిస్‌కు ఆకాశమార్గాన దాదాపు 8,000 కిలోమీటర్లు. ఇది మధ్యలో ఎక్కడా దిగకుండా సుమారు 12,000 పోగలిగేది. ఆ వేగానికి మూల్యం మోత. ప్రొపెల్లర్ రెక్కల కొసలు ధ్వని వేగాన్ని అందుకోవడంతో పుట్టే ఆ హోరు నీటి కింది సబ్‌మెరైన్లకూ వినిపించేదంటారు.

మరి ఇంత రొదలో వినడమెలా? తన చెవులను నీళ్లలోకి జారవిడిచేది. సోనోబాయ్ అనే గొట్టం పారాషూట్‌తో దిగి అలలపై తేలుతుంది. దాని కింద తీగకు వేలాడే మైకు లోతుల్లోని చప్పుళ్లను పట్టుకుంటే, పైనున్న యాంటెన్నా వాటిని రేడియోలో విమానానికి పంపుతుంది. మూడు నాలుగు చోట్ల వేసి, ఏది ఎంత గట్టిగా, ఎటు నుంచి వింటోందో పోల్చుకుంటే శత్రువు జాడ దొరుకుతుంది. ఈ గొట్టాలను మ్యూజియంలోనే పెట్టారు. జనం మాత్రం కాక్‌పిట్ దగ్గరే గుమిగూడతారు!

ఈ విమానాలు 29 ఏళ్లలో 30,000 గంటలు ఎగిరాయి, ఒక్క ప్రమాదం లేదు. ఇందులో పైలట్ల గొప్ప ఎంతో, నేల మీద బోల్టు బోల్టూ తడిమి చూసిన మెకానిక్కులదీ అంతే.

2013లో బోయింగ్ పీ-8ఐ గస్తీ విమానాలు రావడం మొదలయ్యాక దీనికి వయసు మీద పడినట్టు తేలిపోయింది. 2017 మార్చి 29న సేవ ముగిసింది. ఏప్రిల్‌లో ఒకటి చివరిసారిగా ఎగిరి విశాఖలోని ఐఎన్‌ఎస్ డేగాలో దిగింది. దాన్ని అక్కడ విడగొట్టి, ముక్కలుగా బీచ్‌కు తెచ్చి మళ్లీ బిగించారు. 50 మీటర్ల రెక్కలున్నదాన్ని వీధుల్లోంచి తేవాలంటే వేరే దారి లేదు మరి. అదే ఏడాది డిసెంబరు 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియాన్ని ప్రారంభించారు. 50 మీటర్ల రెక్కలున్నదాన్ని వీధుల్లోంచి తేవాలంటే వేరే దారి లేదు మరి.