ఫాలన్ షోకి ఫ్రీ టికెట్: చేతికొచ్చేది సీటు కాదు, లైన్‌లో చోటు

పోయిన ఎపిసోడ్‌లో మాటల మధ్యలో మా నాన్నని న్యూయార్క్‌లో టీవీ షో షూటింగ్‌కి తీసుకెళ్లిన సంగతి చెప్పాను కదా. అప్పట్నుంచి వస్తున్న వాయిస్ మెసేజ్‌లలో సగం ఒకటే ప్రశ్న: "అక్కా, టికెట్ ఎంత పెట్టి కొన్నావు?"

కొనలేదు. ఎవరూ కొనరు. ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన సంగతులన్నీ ఇక్కడ రాస్తున్నా. అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉండి వెళ్లేవాళ్లకి, ముఖ్యంగా గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్లకి, ఇవి ముందే తెలిస్తే ఒక పూట మిగులుతుంది. నాకు తెలియక పోయింది.

ముందు అసలు విషయం. జిమ్మీ ఫాలన్ 'టునైట్ షో' రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో, 30 రాక్‌ఫెల్లర్ ప్లాజా అనే బిల్డింగ్‌లో ఆరో అంతస్తులో, స్టూడియో 6బి లో తీస్తారు. టీవీలో రాత్రి 11:35కి వస్తుంది గానీ తీసేది సాయంత్రం 5 గంటలకి. అంటే వారంలో పనిదినం, సాయంత్రం. ఫాలన్ 2014 ఫిబ్రవరిలో మొదలుపెట్టాడు. అంతకుముందు నలభై ఏళ్ల పైనే ఆ షో కాలిఫోర్నియాలో నడిచింది. 1972లో అటు వెళ్లకముందు జానీ కార్సన్ చేసింది కూడా ఇదే 6బి లో. టీవీలో చూస్తే పెద్ద హాలులా కనిపిస్తుంది కానీ ఉన్నవి రెండొందల పైచిలుకు సీట్లే. ఈ చిన్న లెక్క గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

టికెట్లు వన్ అయోటా అనే సైట్‌లో ఇస్తారు. అకౌంట్ తెరిచి, షో ఎంచుకుని, తేదీ నొక్కి, ఎంతమందో చెప్పి రిక్వెస్ట్ పెట్టాలి. రాబోయే నెల తేదీలు ముందే పెడతారు, పెట్టిన కాసేపటికే నిండిపోతాయి. నిండాక వెయిటింగ్ లిస్టులో ఉంచుతారు. ఎవరైనా మానుకుంటే మీకు ఈమెయిల్ వస్తుంది, ఒక్కోసారి రెండు మూడు రోజుల ముందు. కాబట్టి ఒక్క తేదీకి పెట్టి ఊరుకోకండి. అమ్మానాన్నల తిరుగు టికెట్ ఎప్పుడో చూసుకుని, వాళ్లు దిగిన వారంలోనే వెతకడం మొదలుపెట్టండి. మనవాళ్లు చాలామంది "వెళ్లే ముందు చూపిద్దాంలే" అనుకుని చివరి నెలకి పెట్టుకుంటారు. అప్పుడు దొరకదు, దొరికినా తప్పిపోతే రెండో అవకాశం ఉండదు.

ఇక పేరు. దీని దగ్గర తెలుగువాళ్లకి వచ్చే తిప్పలు ఇంకెవరికీ రావనుకుంటా. గుమ్మం దగ్గర ప్రతి ఒక్కరి ఫోటో ఐడీ చూస్తారు. బుకింగ్‌లో ఉన్న పేరు, ఐడీలో ఉన్న పేరు ఒకటే కావాలి. మనకేమో ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక, మధ్యలో తాతగారి పేరు, పిలిచేది ఇంకోటి. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడితే వీసా మీద మొదటి పేరు చోట ఎఫ్.ఎన్.యూ. అని వచ్చి కూర్చుంటుంది. మా ఆఫీసులో ఒకబ్బాయిని రెండేళ్లు అందరూ "ఫ్నూ" అనే పిలిచారు, అదే అతని పేరనుకుని. అందుకని చూపించబోయే కార్డు మీద ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఎక్కించండి. మీకు డ్రైవింగ్ లైసెన్స్ సరిపోతుంది. అమ్మానాన్నలకి ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకెళ్లండి, ఫోన్‌లో ఫోటో చూపిస్తామంటే కుదరకపోవచ్చు. వాళ్లు చూసేది పేరూ వయసే. వీసా ఏంటి, స్టేటస్ ఏంటి అని టీవీ షో గుమ్మంలో ఎవరూ అడగరు, ఆ భయం వద్దు.

వయసు దగ్గర ఇంకో మాట. టునైట్ షోకి 16 ఏళ్లు నిండాలి. అదే బిల్డింగ్‌లో తీసే సేథ్ మేయర్స్ షోకీ అంతే. 'డైలీ షో'కి 18. "మా పాప పొడుగ్గా ఉంటుంది, అడగరులే" అని బయల్దేరకండి. చిన్నపిల్లలు ఉంటే పొద్దున్నే 'టుడే' షో ప్లాజాకి వెళ్లండి. అదీ రాక్‌ఫెల్లర్ దగ్గరే. టికెట్ అక్కర్లేదు, రోడ్డు పక్కన నిలబడి చూడొచ్చు. 2023 ఫిబ్రవరిలో రామ్‌చరణ్ 'గుడ్ మార్నింగ్ అమెరికా'కి వచ్చినప్పుడు టైమ్స్ స్క్వేర్‌లో ఆ స్టూడియో బయట మనవాళ్లు గుమిగూడింది గుర్తుందా, ఆ టైపు. అయితే బయట నిలబడటం వేరు, లోపల కూర్చోవడం వేరు.

ఇప్పుడు నాకు తగిలిన దెబ్బ. షో పేరు చెప్పను, ఫాలన్‌ది కాదు. ఫిబ్రవరి నెల. టికెట్ కన్‌ఫర్మ్ అని ఈమెయిల్ వచ్చింది, ప్రింట్ తీసుకున్నా. నాన్న తెనాలిలో ఉన్న బాబాయికి ముందురోజే ఫోన్ చేసి "రేపు నేను టీవీలో వస్తా" అని చెప్పేశాడు. ఇస్త్రీ చొక్కా, దాని మీద నా పాత కోటు. నేను సగం రోజు లీవు పెట్టా. కాంట్రాక్టు ఉద్యోగం కాబట్టి పని చేయని గంటకి డబ్బు రాదు. ఈమెయిల్‌లో చెప్పిన టైముకి పది నిమిషాల ముందు చేరి, భలే వచ్చేశాం అనుకున్నా. చూస్తే లైన్ బిల్డింగ్ మూల తిరిగి ఉంది. గంటన్నర చలిలో నిలబడ్డాక ఒక కుర్రాడు తలలు లెక్కపెట్టుకుంటూ వచ్చి మాకు ఇద్దరి ముందు ఆగిపోయాడు. సారీ, లోపల నిండిపోయింది, అంతే.

నాన్నకి అర్థం కాలేదు. "మన దగ్గర టికెట్ ఉంది కదమ్మా?" అని కాగితం అతనికి చూపిస్తున్నాడు. సినిమా హాల్లో టికెట్ ఉన్నవాణ్ని బయటికి పొమ్మంటే తెనాలిలో గొడవైపోతుంది మరి.

కానీ ఆ ఈమెయిల్‌లోనే రాసి ఉంది, టికెట్ ఉన్నా ప్రవేశం గ్యారంటీ కాదు, ముందొచ్చినవారికి ముందు అని. నేనే చదవలేదు. ఎందుకలా చేస్తారో తర్వాత అర్థమైంది. ఉచితంగా వచ్చిన టికెట్‌కి జనం సరిగ్గా రారు. వాన పడిందనో, ట్రైను లేటనో మానేస్తారు. కెమెరా తిప్పినప్పుడు ఖాళీ సీట్లు కనబడకూడదు, జోకు వేస్తే హాలంతా నవ్వాలి. అందుకని ఉన్న సీట్లకంటే ఎక్కువ టికెట్లు ఇస్తారు. వాళ్ల దృష్టిలో మనం కస్టమర్లం కాదు, సెట్‌లో ఒక భాగం. సోఫా, బల్ల, బ్యాండు, జనం. ఇది తెలుసుకున్నాక నాకు కోపం పోయింది. మన ఊళ్లో రైలు వెయిటింగ్ లిస్టు లాంటిదే ఇదీ, కాకపోతే దీన్ని కన్‌ఫర్మ్ అని పిలుస్తారు.

అందుకే చెప్పిన టైము "ఈలోపు వస్తే సరిపోతుంది" అని కాదు. ఎంత ముందు వెళ్తే అంత మంచిది. నేనైతే ఇప్పుడు గంట పైనే ముందుంటా. ఎడిసన్ నుంచి ట్రైన్‌లో పెన్ స్టేషన్, అక్కడ్నుంచి హెరాల్డ్ స్క్వేర్‌కి నడిచి బి, డి, ఎఫ్, ఎం ట్రైన్లలో ఏదైనా ఎక్కితే 47-50 స్ట్రీట్స్ రాక్‌ఫెల్లర్ సెంటర్ స్టేషన్‌లో దిగొచ్చు. జర్నల్ స్క్వేర్ వాళ్లకి ఇంకా సుఖం, పాత్ ట్రైన్ 33వ స్ట్రీట్‌కి తెచ్చి హెరాల్డ్ స్క్వేర్ దగ్గరే దింపుతుంది. కారు వద్దు. ఆ పార్కింగ్ డబ్బుతో భోజనాలు అయిపోతాయి. ఒకవేళ తిప్పి పంపిస్తే ఊరికే వచ్చేయకండి, ఇంకో రోజుకి ముందు వరసలో పంపే ప్రాధాన్య టికెట్ ఏమైనా ఇస్తారా అని అడగండి. కొన్ని షోలవాళ్లు ఇస్తారు, అడిగితేనే.

షుగరూ బీపీ ఉన్న పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే: లైన్‌లో గంట, సెక్యూరిటీ, మళ్లీ లోపల కూర్చోబెట్టి ఎదురుచూపు, ఆ తర్వాత షో. మధ్యలో లేచి బాత్రూమ్‌కి వెళ్లడం కష్టం, తినడానికి ఉండదు. మధ్యాహ్నం భోజనం ఆలస్యంగా చేయించి తీసుకెళ్లండి, మాత్రలు జేబులో ఉండాలి. నిలబడలేనివాళ్లుంటే బుకింగ్‌లోనే చెప్పండి, లైన్‌లో పనిచేసేవాళ్లకీ చెప్పండి, వేరే ఏర్పాటు ఉంటుంది. జూన్‌లో వెళ్లినా స్వెటర్ తప్పదు, స్టూడియోలు చల్లగా ఉంచుతారు. "లైన్‌లో నిలబడి లాప్‌టాప్‌లో మీటింగ్ చూసుకుంటా" అనే ప్లాను కూడా పెట్టుకోకండి. పెద్ద బ్యాగు ఉంటే దాచుకునే చోటు ఉండదు, లోపల ఫోన్లు ఆపేయిస్తారు. అన్నట్టు, ఒంట్లో బాలేదని సిక్ లీవు పెట్టి మాత్రం వెళ్లకండి. లోపలికి అడుగుపెట్టారంటే మీ మొహం టీవీలో చూపించుకోవచ్చని ఒప్పుకున్నట్టే. కెమెరా సరిగ్గా మీ మేనేజరు నిద్రపోని రాత్రే మీ మీద ఆగుతుంది.

ఇప్పుడు డబ్బు సంగతి, ఇది కాస్త జాగ్రత్తగా చదవండి. వాట్సాప్ గ్రూపులో ఎవరైనా "ఫాలన్ షో టికెట్లు రెండున్నాయి, తక్కువకి ఇస్తా" అని పెడితే పట్టించుకోకండి. ఈ టికెట్లు వేరేవాళ్లకి మార్చడానికి కుదరదు, అక్కడ పేరు చూస్తారని పైన చెప్పా కదా. కొన్నాక గుమ్మంలో ఆగిపోతే ఎవరి దగ్గరికి వెళ్లి చెప్పుకుంటారు?

దానికి తిరగేసిన సంగతి ఇంకోటుంది. లాస్ ఏంజెలిస్ వైపు కొన్ని ప్రోగ్రాములకి జనం చాలక డబ్బిచ్చి కూర్చోబెడతారు. గంటకి ఇంత అని ఇచ్చి చప్పట్లు కొట్టించుకుంటారు. ఖాళీగా ఉన్న రోజున వినడానికి బాగానే ఉంటుంది. కానీ అది జీతం, అంటే పని. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు తమ కంపెనీకి తప్ప ఇంకొకరికి పనిచేయకూడదు. వర్క్ పర్మిట్ లేని హెచ్-4 వాళ్లూ, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలూ అసలు పనే చేయకూడదు. నలభై డాలర్ల చప్పట్లకి స్టేటస్‌ని ఇరకాటంలో పెట్టుకోవడమేంటి? ఉచిత టికెట్ మీద వెళ్లి చూసిరావడం వినోదం, దాంట్లో తప్పు లేదు. డబ్బు చేతికొచ్చే చోటే తేడా.

ఇంకా అడిగారు కాబట్టి: 'సాటర్డే నైట్ లైవ్' టికెట్లు వేరే పద్ధతి, ఆగస్టు నెలలో మాత్రమే ఈమెయిల్ పంపాలి, లాటరీ తీస్తారు. అది టాక్ షో కాదు, దాని గురించి ఇక్కడితో ఆపుతా. స్టీఫెన్ కోల్బేర్ షో గురించి పాత వీడియోలు చూసి అడిగినవాళ్లకి, 2026 మే నెలతో ఆ షో ముగుస్తుందని సీబీఎస్ 2025 జూలైలోనే ప్రకటించింది.

నాన్న కథ అక్కడితో అయిపోలేదు. జూన్‌లో, తిరుగు ఫ్లైటుకి మూడు వారాల ముందు, వెయిటింగ్ లిస్టులోంచి ఫాలన్ షోకి పిలుపొచ్చింది. ఈసారి బాబాయికి చెప్పలేదు. లోపలికి వెళ్లగానే చుట్టూ చూసి "ఇంతేనా, మన ఊళ్లో హాలు బాల్కనీ అంత లేదే" అన్నాడు. షోకి ముందు జనాన్ని హుషారు చేయడానికి ఒక కమెడియన్ వచ్చి, దూరం నుంచి ఎవరొచ్చారని అడిగితే నాన్న చెయ్యెత్తి "తెనాలి!" అని గట్టిగా అరిచాడు. అతను ఆ పేరు పలకడానికి మూడుసార్లు ప్రయత్నించాడు.

జోకుల్లో సగం ఇక్కడి రాజకీయాలు. నాన్నకి అర్థం కాలేదు, నిజం చెప్పాలంటే నాకూ కొన్ని తెలియలేదు. పక్కవాళ్లు నవ్వినప్పుడు నవ్వాడు, వాళ్లకంటే ఒక క్షణం ఆలస్యంగా, కానీ ఎక్కువసేపు. ఆయనకి బాగా నచ్చింది అసలు షో కాదు, మధ్యలో విరామాలు. రూట్స్ బ్యాండు వాయిస్తుంటే మేకప్ చేసేవాళ్లు పరిగెత్తుకొచ్చి పౌడరు అద్ది వెళ్లిపోవడం, మాటలు రాసిన అట్టలు పట్టుకున్న మనిషి వాటిని సర్దుకోవడం. "చూసి చదువుతున్నాడమ్మా!" అని నా చెవిలో, ఏదో కుంభకోణం కనిపెట్టినట్టు.

ఆరున్నర లోపు బయటికొచ్చేశాం. ఇంటికెళ్లి, రోజూ పదింటికి పడుకునే మనిషి 11:35 దాకా కూర్చున్నాడు. జనం మీదికి కెమెరా వెళ్లింది రెండే రెండుసార్లు, అదీ క్షణం సేపు. మేము కూర్చున్న వైపు కాదు. మర్నాడు యూట్యూబ్‌లో ఆ క్లిప్ పెట్టుకుని, ఆపి ఆపి, ఒక తెల్లచొక్కా దగ్గర ఆగి బాబాయికి పంపాడు, "నేనే" అని. ఆ రోజు నాన్న వేసుకుంది నీలం చొక్కా. నేనేం అనలేదు.