తోక తెచ్చినా సొమ్మిచ్చారు!
హంపి నుంచి సెంజి దాకా... గుర్రం మనసు చెప్పే పుస్తకాలు, కథలు

సముద్రంలో ఓడ. ఓడ నిండా గుర్రాలు. హొర్ముజ్‌లోనో, ఏడెన్‌లోనో ఎక్కించినవి. దారిలో ఒకటి చచ్చిపోయింది. వర్తకుడు దిగులుపడలేదు. తోక కోసి దాచుకున్నాడు. విజయనగరం వచ్చి తోక చూపించాడు. రాజు సొమ్ము లెక్కపెట్టి ఇచ్చాడు. బతికి వచ్చిన గుర్రానికి ఎంతో, చచ్చిన గుర్రానికీ అంతే.

ఇది అల్లిన కథ కాదు. సాళువ నరసింహరాయల (1485-91) గురించి ఫెర్నావో నూనిజ్ అనే పోర్చుగీసు ఆసామి రాసిపెట్టిన సంగతి. 1535 ప్రాంతంలో ఆయన విజయనగరంలో ఉన్నాడు. తనూ గుర్రాల బేరగాడే. మూడు గుర్రాలకు వెయ్యి పర్దావుల చొప్పున రాయలు కొనేవాడట. పర్దావు అంటే బంగారు నాణెం. నూనిజ్ రాతలను 1900లో రాబర్ట్ సీవెల్ ఇంగ్లిషులో అచ్చు వేయించాడు.

అంత ఖరీదు పెట్టి కొన్న జంతువును బతికించుకోవడం ఎలా? దాని మనసు తెలుసుకోవడం ఎలా? ఈ రెండు ప్రశ్నల మీదే మన దగ్గర గుర్రాల పుస్తకాలు పుట్టాయి. వాటి ఆనవాళ్లు ఎక్కువగా నేటి ఆంధ్ర సరిహద్దు అవతలే ఉన్నాయి. ఒకటి కర్ణాటకలో, రెండు తమిళనాడులో.

వండిన అన్నం పెట్టారు!

దక్షిణాదిలో మేలుజాతి గుర్రం పుట్టి పెరగడం కష్టం. పచ్చిక తక్కువ, ఉక్క ఎక్కువ. అందుకే అరేబియా, పర్షియా గుర్రాల మీద ఆధారపడ్డారు. 13వ శతాబ్దం చివర్లో తమిళ తీరానికి వచ్చిన మార్కోపోలో ఇక్కడి తంతు చూసి ముక్కున వేలేసుకున్నాడు. ఒక్కో రాజు ఏడాదికి రెండు వేలకు పైగా గుర్రాలు కొంటాడు. ఏడాది తిరిగేసరికి వందైనా మిగలవు. కారణం? వైద్యం తెలిసినవాడు లేడు, మాంసంతో కలిపి వండిన అన్నం పెడుతున్నారు అని రాశాడు. గుర్రాల వైద్యులను ఇక్కడికి రానీయకుండా వర్తకులే అడ్డుపడేవారట. గుర్రం చస్తేనే కదా మళ్లీ బేరం!

మార్కోపోలో మాటలో కొంత అతిశయం ఉండొచ్చు. అయినా అసలు విషయం స్పష్టం. డబ్బు పెడితే గుర్రం వస్తుంది, గుర్రం గురించిన తెలివి రాదు. ఆ తెలివికి పుస్తకం కావాలి.

రాజులకూ ఈ సంగతి తెలుసు. శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద' రాజనీతి భాగంలో గుర్రాల వర్తకం గురించి ప్రత్యేకంగా చెప్పాడు. రేవులు బాగుచేయాలి, దూరదేశాల వర్తకులను ఆదరించి మంచి ధర ఇవ్వాలి, ఆ గుర్రాలు శత్రువుకు చేరకుండా చూసుకోవాలి అని ఆయన సలహా.

దాని సాక్ష్యం రాతి మీద కూడా ఉంది. హంపిలో హజార రామాలయం ప్రాకారం గోడ చూస్తే వరసగా ఏనుగులు, వరసగా గుర్రాలు. పక్కనే కళ్లెం పట్టుకు నడిపిస్తున్న మనుషులు. రౌతు కంటే గుర్రాన్ని నడిపించేవాడే ఆ గోడ మీద ఎక్కువగా కంటపడతాడు.

అశ్వహృదయం

పాత గ్రంథాలు ఈ విద్యకు పెట్టిన పేరు గొప్పది: అశ్వహృదయం. మహాభారతంలో నలుడికి తెలిసిన విద్య అదే. రాజ్యం పోగొట్టుకుని, రూపం మారి, బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణుడి దగ్గర చేరతాడు. ఒక్కరోజులో విదర్భకు రథం తోలాల్సి వస్తుంది. శాలలోకి వెళ్లి బక్కచిక్కిన గుర్రాలను ఎంచుకుంటాడు. ఇవేం గుర్రాలయ్యా అని రాజు విసుక్కుంటే, వాటి ఒంటి మీది సుడులు చూపిస్తాడు. కండ కాదు, గుణం చూడమంటాడు. తర్వాత జరిగింది అందరికీ తెలుసు. రాజు ఉత్తరీయం జారిపడింది, తీసుకుందాం ఆగమనేలోపే రథం ఆమడ దాటింది.

విరాటుడి కొలువులో దామగ్రంథి పేరుతో గుర్రాలు చూసుకున్న నకులుడూ అలాంటివాడే. సంస్కృతంలో గుర్రాల శాస్త్రానికి ఆద్యుడిగా శాలిహోత్రుణ్ని చెబుతారు. నకులుడి పేరు మీదా ఒక అశ్వశాస్త్రం ఉంది. ఈ విద్య తెలుగులోకీ వచ్చింది. విజయనగర కాలంలో మనుమంచి భట్టు అనే కవి 'హయలక్షణ విలాసం' రాశాడు. రాజుల పొగడ్తలు, నాయికల వర్ణనలు రాజ్యమేలుతున్న రోజుల్లో గుర్రం కోసం పద్యం కట్టాడంటే అవసరం ఎంతటిదో అర్థమవుతుంది.

ఈ శాస్త్రాల్లో ఏముంటుంది? పళ్లు చూసి వయసు చెప్పడం. రంగును బట్టి, నడకను బట్టి జాతి తెలుసుకోవడం. మెడ మీద, నుదుట, రొమ్మున ఉండే సుడుల్లో ఏది మంచిది, ఏది చెడ్డది అన్న లెక్క. ఏ రుతువులో ఏ మేత, ఏ జబ్బుకు ఏ మందు. సుడుల శకునం నేటి పశువైద్యం ఒప్పుకోదు. పళ్ల లెక్క మాత్రం ఇప్పటికీ నిలిచింది. రెండున్నరేళ్లకు పాలపళ్లు రాలడం మొదలై, ఐదేళ్లకు నోరు నిండుతుంది. ఆడి మాసంలో ఈరోడ్ జిల్లా అంతియూర్‌లో జరిగే గుర్రాల సంతలో కొనేవారు ఇవాళ్టికీ పళ్లూ చూస్తారు, సుడులూ చూస్తారు.

తంజావూరులో రంగుల బొమ్మలు

ఈ శాస్త్రాన్ని కంటితో చూడాలంటే తంజావూరు వెళ్లాలి. తెలుగు నాయక రాజులు, వారి తర్వాత మరాఠా రాజులు పెంచిన సరస్వతీ మహల్ గ్రంథాలయం అక్కడ ఉంది. సంస్కృతం, తమిళం, మరాఠీలతోపాటు తెలుగు రాతప్రతులూ వందల్లో ఉన్నాయి. నకులుడి పేరుతో ఉన్న అశ్వశాస్త్రాన్ని రంగుల బొమ్మలతో సహా ఆ గ్రంథాలయమే 1952లో అచ్చువేసింది. పుస్తకం చదవలేనివాడు కూడా బొమ్మ చూసి గుర్రాన్ని పోల్చుకోవచ్చు.

రౌతూ గుర్రమూ

శాస్త్రం గుర్రాన్ని బతికించింది. గుర్రానికీ మనిషికీ మధ్య ప్రేమను మాత్రం చెప్పింది కథే. అందుకు సెంజికోట దాకా రావాలి.

విళుప్పురం జిల్లాలోని సెంజి కూడా ఒకప్పుడు తెలుగు నాయకులు ఏలిన చోటే. తర్వాత బీజాపూరు, మరాఠా, మొగలు చేతులు మారింది. చివరికి బుందేలా రాజపుత్రుడైన స్వరూప్‌సింగ్‌కు దక్కింది. ఆయన కొడుకు తేజ్‌సింగ్. జనం నోట దేసింగు రాజు. ఆర్కాటు నవాబు సాదతుల్లాఖాన్‌తో కప్పం దగ్గర తగువొచ్చి 1714లో యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి ఇరవై రెండేళ్లు.

ఏలింది నెలలే. కానీ తమిళంలోనూ తెలుగులోనూ అతని కథ తరతరాలుగా పాడారు. పగలంతా పొలంలో పనిచేసి వచ్చినవాళ్లు రాత్రిపూట తెల్లవార్లూ కూర్చుని విన్నారు. 1960లో తమిళంలో ఎంజీఆర్ హీరోగా 'రాజా దేసింగు' సినిమా వచ్చింది.

కథకు ఆయువుపట్టు గుర్రమే. ఢిల్లీ పాదుషా దగ్గర ఎవరికీ లొంగని గుర్రం ఉంటుంది. ఎక్కబోయిన వీరులంతా కిందపడతారు. తండ్రి వల్ల కాని పని పిల్లవాడైన దేసింగు చేస్తాడు. అక్కణ్నుంచి గుర్రం, రౌతు ఒకే ప్రాణం. ప్రాణస్నేహితుడైన ముస్లిం యోధుడు పెళ్లి మధ్యలో వదిలేసి యుద్ధానికి వస్తాడు. ముగ్గురిలో ఎవరూ వెనక్కి తిరగరు.

సెంజి దగ్గరి నీలాంపూండిలో ఆ స్నేహితుడి సమాధి, దేసింగు గుర్రం సమాధి ఇవేనంటూ స్థానికులు చూపిస్తారు. ఒకచోట చచ్చిన గుర్రం తోకకు ఖరీదు కట్టారు. ఇంకోచోట చచ్చిన గుర్రానికి మనిషితో సమంగా గోరీ కట్టారు.

చదివేదెవరు?

సెంజికోట 2025లో మరాఠా కోటల జాబితాలో భాగంగా యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా పొందింది. ఇక కోటకు భయం లేదు. కథకే ఉంది. సరిహద్దు అవతల ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు చాలామంది బడిలో కన్నడమో తమిళమో దిద్దుతున్నారు. బతుకుతెరువుకు అది అవసరమే, తప్పు పట్టేదేమీ లేదు. కానీ హయలక్షణం చెప్పే పద్యాన్నీ, తంజావూరు తాటాకునూ విప్పి చదవడానికి తెలుగు అక్షరం వచ్చినవాడు ఒకడైనా ఉండాలి కదా.

పద్యం దాకా వెళ్లకపోయినా ఫర్వాలేదు. దేసింగు కథ తెలిసిన తాతలు, అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. ఒక రాత్రి పిల్లల్ని కూర్చోబెట్టి లొంగని గుర్రం కథ మొదలుపెడితే చాలు. తర్వాత ఏమైందని వాళ్లే అడుగుతారు.

చూడాలంటే...

* హజార రామాలయం: హంపిలో, రాజప్రాసాదాల ఆవరణ పక్కనే. 2021 నుంచి హంపి విజయనగర జిల్లాలో ఉంది. అంతకుముందు బళ్లారి జిల్లా.
* సరస్వతీ మహల్: తంజావూరు రాజభవనం ఆవరణలో. సందర్శకుల కోసం ప్రదర్శనశాల ఉంది.
* సెంజికోట: తిండివనం - తిరువణ్ణామలై దారిలో.