పిల్లి తవ్విన నారుమడి, తొందరపడి చల్లిన గింజ

ఉదయగిరి, ఆత్మకూరు వైపు పెరట్లో కూరగాయ నారు పోసుకునే వాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. సాయంత్రం మడి సదును చేసి, గింజ చల్లి, పైన జల్లెడ పట్టిన ఎరువు పల్చగా వేసి, నీళ్ళు చిలకరించి పడుకుంటారు. తెల్లారి చూస్తే మడి మధ్యలో రెండు గుంటలు, పక్కన చిన్న మట్టి కుప్ప. "ఈ పిల్లితో ఏం చెయ్యాలబ్బా" అని అడిగేవాళ్ళు చాలామంది. మడి ఎప్పుడు పోశారని తిరిగి అడిగితే కొందరు మృగశిర అంటారు, ఇంకొందరు రోహిణిలోనే పోశామంటారు. చిక్కు సగం అక్కడే ఉంది. పిల్లిని ఆపడం, అదునుకు గింజ వెయ్యడం రెండు వేరు వేరు పనులని అనుకుంటాం గానీ, పెరటి నారుమడిలో అవి ఒకటే పని.

ఎందుకో చెప్తాను. పిల్లికి మన గింజతో పని లేదు, మొలకతోనూ పని లేదు. దానికి కావలసింది మెత్తగా, పొడిగా, కాలితో తవ్వితే లేచే మన్ను. మలం పూడ్చిపెట్టుకోవడం దాని పుట్టుక గుణం. మనం జల్లెడ పట్టిన ఘనజీవామృతం, బూడిద, ఇసుక కలిపి మడి తయారు చేస్తామే, అది పిల్లికి మనం కట్టి ఇచ్చిన మరుగుదొడ్డి లెక్క. గింజలన్నీ ఒక్కసారి మొలిచి, నాలుగు ఆకులు వేసి, నేల కనపడకుండా కమ్ముకుంటే పిల్లి ఆ మడి జోలికి అంతగా రాదు. కాబట్టి ఒట్టి నేల ఎన్ని రోజులు బయటికి కనపడుతుందో అన్ని రోజులూ ప్రమాదమే. అదునులో పోసిన టమాటా 5 నుంచి 7 రోజుల్లో, వంగ 7 నుంచి 10 రోజుల్లో, మిరప 8 నుంచి 12 రోజుల్లో మొలుస్తాయి. ఇంకో పది రోజులు కాపాడితే గండం గడిచినట్టే. ముందుగా, ఎండల్లో పోసిన మడి అట్లా కాదు. ఒక మూల మొలుస్తుంది, ఒక మూల మాడుతుంది, మధ్యలో ఖాళీలు అట్లాగే ఉంటాయి. నెల దాటినా ఆ ఖాళీలు పిల్లిని పిలుస్తూనే ఉంటాయి.

మన పడమటి మండలాల్లో ఎండ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. గాలి వేడి 40 డిగ్రీలు దాటిన రోజు ఎండలో ఉన్న ఒట్టి నేల పైపొర 50 డిగ్రీలు కూడా దాటుతుంది. టమాటా గింజకు 20 నుంచి 30 డిగ్రీలు సుఖం. 35 దాటితే మొలక తగ్గిపోతుంది. పైగా జూన్, జూలై నెలల్లో కొట్టే పడమటి గాలి. పొద్దున తడిపిన మడి మధ్యాహ్నానికి పొడి అయిపోతుంది. గింజ ఉబ్బి, మొలక బయటికి రాబోయే వేళకు తడి ఆరితే ఆ గింజ చచ్చినట్టే, మళ్ళీ నీళ్ళు పెట్టినా లేవదు. బతికిన నారుకు కూడా ఆ వేడిలో తెల్లదోమ, తామర పురుగు తగులుకుని ఆకుముడత మడిలోనే మొదలవుతుంది.

సరే, బోరు నీళ్ళతో, నీడ కట్టి ఎట్లాగో నారు పెంచారనుకుందాం. ఆ తర్వాత? నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. నైరుతిలో పడే జల్లులు మధ్యలో పదేసి, ఇరవయ్యేసి రోజులు ఎగ్గొడతాయి. టమాటా నారు 25-30 రోజులకు, వంగ 30-35 రోజులకు, మిరప 35-40 రోజులకు నాటాలి. రోహిణిలో పోసిన నారు జూలై మొదట్లోనే నాటడానికి వచ్చేస్తుంది. సోమశిల కాలువ కిందో, నీళ్ళున్న బోరు కిందో ఉన్నవాళ్ళు నాటుకుంటారేమో గానీ, వాన మీద ఆధారపడిన ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు వైపు వాళ్ళు ఆ నారును మడిలోనే ముదరబెడతారు. మడిలోనే పూత పట్టిన టమాటా నారు తెచ్చి నాటితే కొమ్మ రాదు, కాపూ రాదు.

నన్నడిగితే వాన ఆధారం ఉన్న పెరట్లో మిరపకు మఖ కార్తె, అంటే ఆగస్టు 17 ప్రాంతం. టమాటా, వంగకు పుబ్బ, అంటే ఆగస్టు నెలాఖరు నుంచి. అప్పుడు పోస్తే ఉత్తర చివర, హస్త కార్తెల్లో, సెప్టెంబరు నెలాఖరు నుంచి అక్టోబరు మొదటి వారానికి నాటు పడుతుంది. పెద్ద వానలు వచ్చే లోపల వేరు పట్టుకుంటుంది. మరీ ఆలస్యం చేసినా కష్టమే. 2021 నవంబరులో పెన్నా వరద చూసిన ఆత్మకూరు, సంగం వాళ్ళకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఎంత అదునులో పోసినా మడి మాత్రం అర అడుగు ఎత్తులో ఉండాలి.

ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. "ప్రకృతి వ్యవసాయంలో వానకు ముందే గింజ వెయ్యమంటారు గదా, మీరేంది ఆగమంటున్నారు?" అని. రైతు సాధికార సంస్థ వాళ్ళు చెప్పే పీఎండీఎస్, అంటే వానకు ముందు పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లే పద్ధతి, మంచి పద్ధతే. నేను కాదనడం లేదు. కానీ అక్కడ చల్లే గింజకు బీజామృతం, బంకమన్ను, బూడిద, ఘనజీవామృతం పొరలుగా పట్టించి గుళికలు చేస్తాం. చిన్న జల్లుకు అది మొలవదు, సరిపడా తడి తగిలే దాకా నేలలో కాచుకుని ఉంటుంది. పైగా అవి జొన్న, సజ్జ, అలసంద, ఉలవ లాంటి మొండి పైర్లు. నారుమడిలో చల్లే టమాటా గింజకు ఆ కవచం లేదు, మనం మొదటి రోజే తడి ఇస్తాం. చేలో చెల్లిన సూత్రాన్ని మడికి తెచ్చి పెట్టకూడదు.

ఇప్పుడు పిల్లి దగ్గరికి వద్దాం. ముందు తవ్వింది పిల్లేనా అని చూసుకోండి. గుంట చిన్నదిగా ఉండి, పక్కకు లాగిన మన్ను కుప్పగా ఉంటే పిల్లి. మడి అంతా అడ్డదిడ్డంగా చెదిరి ఉంటే కోడి. సొర, బీర, కాకర గింజలు వేసిన చోట చిన్న బొక్క పెట్టి, పైన గింజ తొక్కలు వదిలి పోయిందంటే అది ఎలుక. ఇది తెలియకుండా పిల్లిని తరిమేస్తే ఎలుకలకు పండగ. ఇంట్లో విత్తనాల కుండలు, వడ్లబస్తాలు ఉన్నవాళ్ళకు పిల్లి ఎంత అవసరమో నేను చెప్పాలా.

అన్నిటికంటే చవకైంది, పక్కాగా పనిచేసేది మన చుట్టూ ఉన్న కంపే. తుమ్మ కంప, రేగు కంప, చిల్లకంప ఏదైనా సరే, గింజ చల్లిన సాయంత్రమే మడి మీద పరచాలి. మర్నాడు కాదు. ఒకసారి ఆ మడి పిల్లికి అలవాటైతే వాసన పట్టుకుని అక్కడికే వస్తుంది. మొలక అంగుళం లేచాక కంప తీసేసి, కంది కట్టెనో, పత్తి కట్టెనో జానెడు ముక్కలు చేసి నాలుగైదు అంగుళాలకు ఒకటి చొప్పున నిలువుగా గుచ్చాలి. పిల్లికి తిరిగి కూర్చునే చోటు దొరక్కపోతే వెళ్ళిపోతుంది. వీడియోలో మడి మీద కంప ఎంత పల్చగా పరిచామో గమనించండి. దట్టంగా వేస్తే వెలుతురు లేక నారు సన్నగా సాగిపోతుంది.

ఒక్క కట్టె మాత్రం వద్దు, పొగాకు కట్టె. కలిగిరి, డీసీపల్లి చుట్టూ పొగాకు పండే ఊళ్ళలో ఇది తేరగా దొరుకుతుంది కాబట్టి గట్టిగా చెప్తున్నా. ఎండిన పొగాకు కాడలో కూడా మొజాయిక్ తెగులు వైరస్ బతికే ఉంటుంది. పొగాకు, టమాటా, మిరప, వంగ అన్నీ ఒకే కుటుంబం. పిల్లి రెండు గుంటలు తవ్వితే పోయేది పిడికెడు నారు. ఈ తెగులు వస్తే మడి మొత్తం పోతుంది. బీడీ కాల్చిన చేత్తో, ఖైనీ నలిపిన చేత్తో కూడా సబ్బుతో కడుక్కోకుండా నారు ముట్టుకోవద్దు.

కాస్త డబ్బు పెట్టగలిగితే 40 మెష్ నైలాన్ వల మంచిది. వెదురు బద్దలు విల్లులా వంచి, మడి మీద గూడులా కప్పి, అంచులు మట్టిలో పూడ్చేస్తే తెల్లదోమ, పిల్లి, కోడి మూడూ ఆగుతాయి. పాత చేపల వల వాడేవాళ్ళు దాన్ని బిగించి కట్టాలి. వదులుగా పడేస్తే పాములు, తొండలు చిక్కుకుని చస్తాయి, పొద్దున్నే అది విప్పడం మనకూ ప్రమాదమే. ప్రోట్రేలలో పోసేవాళ్ళు మాకు ఈ బాధ లేదనుకోవద్దు. ఎండిన కొబ్బరి పొట్టు పిల్లికి మన్ను కంటే ఇష్టం!

ఆచ్ఛాదన విషయంలో మనవాళ్ళు ఒకటి గమనించాలి. మడి మీద మెత్తటి వరిగడ్డి పరిస్తే పిల్లి తవ్వడం తగ్గవచ్చు గానీ, మధ్యాహ్నం దాని మీదే ముడుచుకుని పడుకుంటుంది. కింద మొలకలు నలిగిపోతాయి. గడ్డి వేసేట్టయితే పైన నాలుగు కంప రెమ్మలు తప్పనిసరి.

మనమే తెలియకుండా పిల్లిని పిలిచే పనులు కూడా ఉన్నాయి. చేపలు, బెల్లం కలిపి చేసే మీనామృతం నారుమడి మీద చల్లితే ఊళ్ళో పిల్లులన్నీ అక్కడే ఉంటాయి. నారు దశలో అది వద్దు, వడకట్టిన జీవామృతం పల్చగా చాలు. రెండోది కుప్పింటాకు, మురిపిండాకు అని కూడా అంటారు. పెరట్లో తేలిగ్గా మొలిచే కలుపు. దాని వేరు వాసనకు పిల్లులు మత్తెక్కినట్టు పొర్లుతాయి. తమిళంలో దీనికి పిల్లి మొక్కే మొక్క అనే అర్థం వచ్చే పేరు కూడా ఉంది. మడిలో కుప్పింటాకు పీకి గట్టు మీదే పారేస్తే పిల్లికి కబురు పెట్టినట్టే. దూరంగా తీసుకెళ్ళి వెయ్యండి.

ఇన్ని అడ్డం పెట్టినాక దానికి వేరే చోటు కూడా చూపించాలి గదా. మడికి పదిహేను అడుగుల దూరంలో, చూరు కింద వాన తగలని చోట, రెండడుగుల చదరంలో పొడి ఇసుక పోయండి. మడిలో తవ్విన చోటి మలం కొంచెం తీసి అందులో వేస్తే వాసన పట్టి అక్కడికి మళ్ళుతుంది. రెండు మూడు రోజులకోసారి శుభ్రం చెయ్యాలి, లేకపోతే మళ్ళీ మీ మడికే వస్తుంది. నిమ్మ, బత్తాయి తొక్కల వాసన పిల్లికి పడదన్న మాట నిజమే, కానీ మన ఎండకు రెండు రోజుల్లో వాసన పోతుంది. కలరా ఉండలు, కారం, విషం పెట్టిన అన్నం మాత్రం ఎవరు చెప్పినా చెయ్యొద్దు. కలరా ఉండలు పిల్లికీ విషమే, నేలకూ మంచిది కాదు. పిల్లిని చంపడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా.

మలం పడిన చోట ఇంకో జాగ్రత్త. కొన్ని పిల్లుల మలంలో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉంటుంది. మలం పడిన ఒకటి నుంచి ఐదు రోజుల్లో అది అంటుకునే స్థితికి వస్తుంది, తడి నేలలో నెలల తరబడి బతుకుతుంది. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు ఇది సోకితే బిడ్డకు హాని. ఇంట్లో గర్భిణులు ఉంటే మడి పని వేరేవాళ్ళు చూసుకోవాలి, తప్పకపోతే తొడుగులు వేసుకోవాలి. పిల్లి తవ్విన మడిలో తోటకూర, కొత్తిమీర వేస్తే బాగా కడిగి వండుకోండి, పచ్చిగా తినొద్దు.

నాటు విత్తనం దాచుకున్నవాళ్ళకు ఇంకో మాట. మీ అమ్మ దగ్గర నుంచో, అత్త దగ్గర నుంచో వచ్చిన వంగ గింజ పిడికెడే ఉందనుకోండి, అది పోతే ఏ షాపులోనూ దొరకదు. ఉన్నదంతా ఒకే రోజు చల్లొద్దు. మూడు భాగాలు చెయ్యండి. ఒకటి పుబ్బ మొదట్లో, ఇంకోటి పది పన్నెండు రోజుల తర్వాత పొయ్యండి, మూడోది బూడిద కలిపి సీసాలో మూత బిగించి వచ్చే ఏడాదికి ఉంచండి. పిల్లి తవ్వినా, వాన ఎగ్గొట్టినా, తుఫాను వచ్చినా రకం చేతిలో ఉంటుంది.

నారు నాటిన మొదటి వారం కూడా పిల్లి వస్తుంది, ఎందుకంటే గుంత చుట్టూ మన్ను మళ్ళీ మెత్తగానే ఉంటుంది. ఒక్కో మొక్క చుట్టూ మూడు పుల్లలు గుచ్చండి. సాయంత్రం పూట తడి పెట్టండి, తడి మన్ను తవ్వడం పిల్లికి ఇష్టం ఉండదు. మడిలో మాత్రం రాత్రిపూట నీరు నిలవనివ్వొద్దు, నారుకుళ్ళు వస్తుంది.