దారి చూపే పట్టికలు

దూరాన ఉన్న మనిషితో మాట్లాడటం ఈనాడు సామాన్య విషయం. అంకెలు నొక్కిన కొద్ది క్షణాలలో అవతల గంట మోగుతుంది. ఆ కొద్ది వ్యవధిలోనే పిలుపు ఏ కేంద్రం మీదుగా, ఏ దిశగా సాగాలో ఒక పట్టిక నిర్ణయిస్తుంది. దానినే సాంకేతిక పరిభాషలో రూటింగ్ టేబుల్ అంటారు. ‘ఈ సంఖ్యకు ఇది దారి’ అని చెప్పడమే దాని పని. లోకం మారినప్పుడల్లా ఆ పట్టిక కూడా మారాలి. లేకపోతే అది దారి చూపడానికి బదులు దారి తప్పిస్తుంది.

తొలినాళ్లలో ఈ పట్టిక టెలిఫోన్ ఆపరేటర్ల జ్ఞాపకంలోను, వారి ముందున్న పుస్తకాలలోను ఉండేది. పొరుగూరికి మాట్లాడాలన్నా ట్రంక్ కాల్ బుక్ చేసి వేచి ఉండవలసి వచ్చేది. మన దేశంలో 1960లో లక్నో, కాన్పూరు నగరాల మధ్య ఎస్.టి.డి. సౌకర్యం మొదలయింది. అప్పటినుండి దారి వెదికే బాధ్యత క్రమంగా యంత్రాలకు సంక్రమించింది. సంఖ్యలోనే ఊరు ఇమిడి ఉండటం ఇందుకు తోడ్పడింది. 0891 అంటే విశాఖపట్నమనీ, 0866 అంటే విజయవాడ అనీ యంత్రం గ్రహిస్తుంది.

మొబైల్ ఫోన్లు వచ్చిన కొత్తలో మొదటి అంకెలను బట్టి కంపెనీని గుర్తించగలిగేవారు. సంఖ్య మారకుండానే కంపెనీని మార్చుకొనే సౌకర్యం 2010 నవంబరు 25న హర్యానాలోను, 2011 జనవరి 20న దేశమంతటా అమలులోకి వచ్చింది. దానితో పాత గుర్తులు చెల్లకుండా పోయాయి. వినియోగదారుడు కంపెనీ మారినప్పుడు ఆ సమాచారం మిగిలిన కంపెనీలన్నింటికీ చేరాలి. ఏ ఒక్క కంపెనీ తన జాబితాను సవరించుకోకపోయినా, దాని వినియోగదారులు చేసిన కాల్స్ పాత చోటికి పోయి ఆగిపోతాయి. ఇతరులకు అందే ఫోను వారికి మాత్రం అందదు. ఈ లోపాన్ని కనిపెట్టడం కష్టం. తనకు చేరని పిలుపు సంగతి ఎవరికైనా ఎలా తెలుస్తుంది? ఆ పిలుపు ఆసుపత్రి నుండి వచ్చినదైతే నష్టం చిన్నది కాదు.

ఇంటర్నెట్‌లో ఈ సమస్య మరింత విస్తృతమైనది. ప్రపంచంలోని వేలాది నెట్‌వర్కులు ‘ఈ చిరునామాలకు మా గుండా రండి’ అని పొరుగు నెట్‌వర్కులకు ప్రకటిస్తాయి. అవి తమ పొరుగువారికి తెలుపుతాయి. ఈ పద్ధతికి 1989లో రూపకల్పన జరిగింది. బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్ అని దాని పేరు. ఇందులో పట్టికలు వాటంతట అవే సవరించబడతాయి. కాని పొరుగువాడు చెప్పిన మాటను పరీక్షించే ఏర్పాటు ఆనాడు లేదు.

ఆ లోటు 2008 ఫిబ్రవరి 24న లోకానికి తెలిసివచ్చింది. పాకిస్తాన్‌లో యూట్యూబ్‌ను నిలిపివేయడానికి అక్కడి టెలికాం సంస్థ ఒక తప్పుదారిని తన పట్టికలో చేర్చింది. దేశం లోపలే ఉండవలసిన ఆ ప్రకటన వెలుపలికి పొక్కింది. ఉత్తరాలు వేరుచేసేవారు జిల్లా పేరు కంటె ఊరి పేరునే ఎక్కువగా లెక్కలోకి తీసుకొన్నట్లు, రూటర్లు కూడా మరింత నిర్దిష్టమైన చిరునామాకే విలువ ఇస్తాయి. తప్పుడు ప్రకటన అటువంటిదే కావడంతో ప్రపంచం నలుమూలల వారికి సుమారు రెండు గంటలు యూట్యూబ్ అందలేదు. 2021 అక్టోబరు 4న ఇందుకు విరుద్ధమైన సంఘటన జరిగింది. మరమ్మతు సమయంలో ఇచ్చిన ఒక ఆదేశం వల్ల ఫేస్‌బుక్ సంస్థకు చెందిన దారుల ప్రకటనలు ఉపసంహరించబడ్డాయి. యంత్రాలు చెడలేదు. వాటికి దారి మాత్రం లోపించింది. వాట్సాప్‌తో సహా ఆ సంస్థ సేవలు దాదాపు ఆరు గంటలు స్తంభించాయి.

ఇటువంటి అనుభవాల వల్ల జాగ్రత్తలు పెరిగాయి. ఏ చిరునామాలను ప్రకటించే హక్కు ఎవరికి ఉన్నదో తెలిపే డిజిటల్ ధ్రువపత్రాలు వచ్చాయి. వాటికి విరుద్ధంగా ఉన్న ప్రకటనలను తిరస్కరించే నెట్‌వర్కులు క్రమంగా పెరుగుతున్నాయి. మార్పు చేసేముందు పాత పట్టికను భద్రపరచడం, మరొకరిచేత సరిచూపించుకోవడం, చేసిన తరువాత పరీక్షించడం సాంకేతిక నిపుణులు పాటించే నియమాలు.

పట్టిక సరిగా ఉన్నంతకాలం అది ఉన్నదన్న ఊహే ఎవరికీ కలగదు. కాని దానిలోని ఒక్క వరుస తప్పితే లక్షలాది మంది మాట మధ్యలోనే ఆగిపోతుంది. అందువల్ల దానిని సవరించేవారి పని చిన్నదిగా కనిపించినా, వారి బాధ్యత మాత్రం చాలా పెద్దది.