గుండ్రని మచ్చలన్నీ తామర కావు

ఒంటి మీద గుండ్రని మచ్చ వస్తే చాలామంది తామర అంటారు. మెడికల్ షాపులో ఏదో ఒక ట్యూబు కొని రాస్తారు. కానీ ఉంగరంలాంటి మచ్చలు చాలా రకాలు. వాటిలో మూడు ఇవి.

తామర
ఇది బూజు జాతి క్రిమి వల్ల వస్తుంది. మచ్చ అంచు ఎర్రగా ఉంటుంది. పొట్టు రాలుతుంది. బాగా దురద పెడుతుంది. ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకుంటుంది. డాక్టరు ఆ పొట్టును కొంచెం గీకి మైక్రోస్కోపులో చూస్తారు. అందులో బూజు కనిపిస్తుంది.

కుష్టు
ఈ మచ్చ పాలిపోయి గానీ, ఎర్రగా గానీ ఉంటుంది. మామూలుగా దురద ఉండదు. మచ్చ మీద స్పర్శ తగ్గుతుంది. పొయ్యి దగ్గర చురుక్కుమన్నా తెలియదు. డాక్టరు కళ్లు మూయించి, మచ్చకు దూది తాకించి అడుగుతారు. మోచేతి దగ్గర నరం ఉబ్బిందేమో తడిమి చూస్తారు.

గ్రాన్యులోమా యాన్యులేర్
పేరు పెద్దది, జబ్బు చిన్నది. ఇది అరుదుగా వస్తుంది. చిన్న గట్టి బొడిపెలు ఉంగరంలా ఏర్పడతాయి. చేతుల మీద, పాదాల మీద ఎక్కువ. పొట్టు రాలదు. స్పర్శ పోదు. ఎవరికీ అంటుకోదు. చాలామందికి కొన్ని నెలలకో, రెండేళ్లకో దానంతట అదే పోతుంది.

ఎలా తేలుస్తారు?
కుష్టులోనూ, ఈ మూడో జబ్బులోనూ చర్మం లోపల రక్షణ కణాలు గుంపు కడతాయి. అందువల్ల పైకి రెండూ ఒక్కలాగే కనిపించవచ్చు. అనుమానం ఉంటే డాక్టరు మత్తు సూది వేసి, చిన్న చర్మం ముక్క తీసి పరీక్షకు పంపుతారు. దీన్ని బయాప్సీ అంటారు. భయపడాల్సిన పని లేదు.

అడగకుండా ట్యూబు రాయొద్దు
కొన్ని ట్యూబుల్లో స్టెరాయిడ్ మందు ఉంటుంది. తామరకు అది రాస్తే ముందు దురద తగ్గుతుంది. తర్వాత బూజు ఇంకా పాకుతుంది. మచ్చ రూపం మారిపోతుంది. అప్పుడు డాక్టరుకు కూడా జబ్బు పోల్చుకోవడం కష్టం.

దాచుకుంటే నష్టం
కుష్టు పాపం వల్ల రాదు, శాపం వల్ల రాదు. క్రిమి వల్ల వస్తుంది. ఆ క్రిమిని 1873లో నార్వే దేశపు డాక్టరు హాన్సెన్ కనుక్కున్నారు. ఇప్పుడు సర్కారు ఆసుపత్రిలో మందులు ఉచితం. జబ్బును బట్టి 6 నెలలు గానీ, 12 నెలలు గానీ వాడితే నయమవుతుంది. ఆలస్యం చేస్తే నరాలు దెబ్బతింటాయి. వేళ్లు వంకరపోతాయి. అలా పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు.

చీర కొంగు చాటున మచ్చను దాచకండి. నర్సమ్మకో, ఆశా కార్యకర్తకో చూపించండి. పేరు తేలాకే మందు వాడండి.