నిన్న ఎక్కడెక్కడికి పోయినారు?

ఈ మారు గూళ్ళ ధర, మందుల సంగతి పక్కనపెట్టి ఒక లెక్క గురించి మాట్లాడుకుందాం.

2011 జనగణనలో పనిచోటు ఇంటికి ఎంత దూరం, దేని మీద పోతారు అని అడిగినారు. నడకా, సైకిలా, మోటారు బండా, బస్సా, రైలా అని విడివిడిగా రాసుకున్నారు. అయితే ఆ లెక్క 'ఇతర పనివాళ్ళ'దే. సేద్యగాళ్ళు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమవాళ్ళు అందులోకి రారు. ఏం పని అంటే 'సేద్యం' అని చెప్పిన పట్టు రైతు రాకపోకలు అక్కడికే ఆగిపోయినాయి.

మన తిరుగుడు తక్కువా? చాకీ పురుగులు తేవాలంటే ఎండ ఎక్కకముందే బయల్దేరాల. నాలుగో జ్వరం లేచినాక తోటకూ షెడ్డుకూ ఆకు మోసే తిప్పలు ఎన్నో లెక్కేలేదు. చంద్రికల నుంచి గూళ్ళు తీసినాక అర్ధరాత్రి టెంపో మాట్లాడుకుని శిడ్లఘట్టకో రామనగరకో పరుగు.

జాతీయ గణాంక కార్యాలయం 2019లోనూ 2024లోనూ చేసిన సమయ వినియోగ సర్వే మనకు కొంచెం దగ్గర. ఆరేళ్ళు, ఆపైన ఉన్నవాళ్ళు ముందురోజు తెల్లవారి 4 గంటల నుంచి ఆ రోజు 4 దాకా ఏం చేసినారో అరగంట అరగంటకు రాస్తారు. ప్రయాణం కూడా అందులో పనే. రాత్రి 1 గంటకు టెంపో ఎక్కితే అదీ పడుతుంది. పంటకొకసారి పోయే మార్కెట్ ఒక్కరోజు లెక్కలో దొరుకుతుందా అంటారేమో. ఏడాది పొడుగునా వేరే వేరే ఇళ్ళలో అడుగుతారు కాబట్టి, మీ ఇంట్లో తప్పింది ఇంకొకరింట్లో దొరుకుతుంది. వాళ్ళు నోరు తెరిచి చెప్తేనే!

మాకు బాధ కలిగించేది ఇంకొకటి. ఆడవాళ్ళ గురించి అడిగితే మగవాళ్ళు, "ఆమెకేం సార్, ఇంట్లోనే ఉంటాది" అనేస్తారు. పొద్దున్నే ఆకు మోపు నెత్తిన పెట్టుకుని మైలు దూరం నడిచింది ఎవరు? ఆమె మాట ఆమెనే చెప్పనీయండి.

2025 జూలై నుంచి 2026 జూన్ దాకా ఇంటింటి ప్రయాణాల మీదనే కేంద్రం దేశవ్యాప్త సర్వే పెట్టింది. ఆపైన 2027 జనగణన ఉంది. బండి ఉందని చెప్తే కార్డు పోతుందని కొందరికి భయం. జనగణనలో చెప్పిన మాటను ఎవరూ తీసి చూడకూడదని, కోర్టులో సాక్ష్యంగా పెట్టకూడదని 1948 చట్టంలోనే ఉంది.

వచ్చినవాళ్ళు కన్నడంలో అడిగినా తమిళంలో అడిగినా, 'తోటకు పోయినా' అని వదలకుండా ఎన్ని మార్లు, ఎంత దూరం, నడిచా బండి మీదా చెప్పండి. మీ ఇంటికి ఇప్పటికే వచ్చింటే ఏమేం అడిగినారో మాకు వాయిస్ మెసేజ్ పెట్టండి.